హకీం సాబు, మా పీఈటీ సారు

2021 ఆగస్టు 22వ తేదీన సయ్యద్ షాహిద్ హకీం గారు గుల్బర్గాలోని ఒక ఆసుపత్రిలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 82 సంవత్సరాలు. అంతకు కొద్దిరోజుల ముందు ఆయనకు పక్షవాతం వచ్చింది. ఆ వార్త చదివిన ఉదయమే మా పీఈటీ సారు పత్రిక మడిచి చంకలో పెట్టుకొని మా ఇంటి వరండాలోకి వచ్చి కూర్చున్నారు. పలకరింపు కూడా లేదు. "పక్షపాతం ఎరుగని మనిషిని పక్షవాతం తీసుకపోయింది డాక్టర్ సాబ్" అన్నారు. ఒక్క అక్షరం తేడాతో ఆయన చెప్పిన ఆ మాట నాకు ఈనాటికీ మరపునకు రాలేదు. కారణం తరువాత చెబుతాను.

హకీం గారి పేరు ఈ తరంవారికి తెలియకపోవచ్చును. భారత ఫుట్‌బాల్‌కు స్వర్ణయుగం తెచ్చిన హైదరాబాదు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం గారి కుమారుడాయన. 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకం మన జట్టుకు లభించింది రహీం గారి శిక్షణలోనే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం కూడా ఆయన చలవే. 1963లో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆయనను బలిగొన్నది. కుమారుడు హకీం సర్వీసెస్ జట్టుకు ఆడారు, వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్‌గా పనిచేశారు, ఆ తరువాత ఫిఫా గుర్తింపు పొందిన అంతర్జాతీయ రెఫరీ అయ్యారు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నారు.

హైదరాబాదు పాత అభిమానులు ఇద్దరు కలిస్తే తప్పక చెప్పుకునే ముచ్చట ఒకటున్నది. 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన జట్టులో హకీం ఉన్నారు, శిక్షకుడేమో కన్నతండ్రి. హంగరీతో, ఫ్రాన్స్‌తో, పెరూతో మూడు ఆటలు జరిగాయి. ఒక్కదానిలోనూ హకీం మైదానంలో దిగలేదు. "కన్నకొడుకునే బెంచీ మీద కూర్చోబెట్టిన తండ్రి. ఆ ఇంట్ల పెరిగినోడు ఎవరి దిక్కు మొగ్గుతడు?" అనేవారు పీఈటీ సారు. ఆ కాలపు ప్రేక్షకులకు హకీం గారి ఈల మీద గురి కుదరడానికి ఈ కథ కూడా కొంత కారణమని నా అభిప్రాయం. న్యాయం మీద నమ్మకం ఈల మోగడానికి ఎంతో ముందే ఏర్పడి ఉంటుంది.

పీఈటీ సారు హైదరాబాదులో దోమలగూడ వ్యాయామ విద్యా కళాశాలలో చదివారు. నేను వైద్య విద్యార్థిని. అప్పుడు మాకు పరిచయం లేదు గాని, ఇద్దరమూ ఫతే మైదానం మెట్ల మీద కూర్చున్నవాళ్ళమే. నేను ఆట చూసేవాణ్ణి, ఆయన రెఫరీని చూసేవారు. హకీం గారిని గురించి ఆయన చెప్పేదంతా కాళ్ళ గురించే. నిటారైన వీపు, బంతికి దగ్గరలోనే కాళ్ళు, అరుపు లేదు, చేతులు విసరడం లేదు. మైదానానికి ఒక మూల నుండి ఎదురు మూలకు ఐమూలగా పరుగెత్తుతూ, రెండు పక్కల ఉన్న లైన్స్‌మెన్‌ను కంటి చూపులో ఉంచుకోవడం రెఫరీల పద్ధతి. ఆ రోజుల్లో చెవిలో మాట వినిపించే యంత్రాలు లేవు, తప్పు జరిగిందా లేదా అని తిరిగి చూసుకునే తెరలు లేవు. పసుపు, ఎరుపు కార్డులు సైతం 1970 ప్రపంచకప్పుతోనే వచ్చాయి. దగ్గరగా ఉండి చూడగలిగితేనే తీర్పు. దూరం నుండి ఈల వేస్తే సరైన తీర్పును కూడా జనం ఒప్పుకోరు.

వైద్యునిగా నాకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఇంకొకటి. 1988లో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్పులో హకీం గారు రెఫరీగా వ్యవహరించారు. 1939లో పుట్టిన మనిషి, అంటే నలభై తొమ్మిదేళ్ళు! ఒక ఆటలో రెఫరీ సుమారు పది పన్నెండు కిలోమీటర్లు పరుగెత్తుతాడు. గుండె తన గరిష్ఠ వేగంలో ఎనభై ఐదు శాతానికి అటూ ఇటూగా గంటన్నరపాటు కొట్టుకుంటుంది. తనకంటే ఇరవై ఏళ్ళు చిన్నవారితో సమంగా పరుగెత్తాలి, ఆ అలసటలోనే రెప్పపాటులో నిర్ణయం చెప్పాలి. నలభై దాటగానే మెట్లెక్కడానికి ఆయాసపడే మన ఉద్యోగులు ఈ మాట ఒక్కసారి ఆలోచించాలి.

ఉర్దూలో హకీమ్ అంటే వైద్యుడు, హాకిమ్ అంటే తీర్పరి. ఒక దీర్ఘం అటునుండి ఇటు జరిగితే వైద్యుడు తీర్పరి అవుతాడు. ఈ సంగతి నేను చెబితే పీఈటీ సారు చాలా సంబరపడ్డారు.

ఆయన కూడా మా ప్రాంతానికి చిన్నపాటి హకీమే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పాఠశాలల పోటీలలో ఎన్నో ఏళ్ళు ఈల పట్టారు. ఒకసారి తాను పనిచేసే పాఠశాల పిల్లలకు వ్యతిరేకంగానే, మరో రెండు నిమిషాలలో ఆట ముగుస్తుందనగా, పెనాల్టీ ఇచ్చారు. జట్టు ఓడింది. పిల్లలు వారం రోజులు ఆయనతో మాట్లాడలేదట. తప్పు చేసిన కుర్రవాడు పెద్దవాడై, తన పెళ్ళిపత్రిక ఇవ్వడానికి వచ్చి, "సార్, ఆ రోజు చెయ్యి తగిలిన మాట నిజమే" అని ఒప్పుకున్నాడని చెప్పి నవ్వేవారు.

ఇక నా తప్పు. ఆ ఆగస్టు ఉదయం మేము రెండు గంటలసేపు మాట్లాడుకున్నాము. మధ్యలో టీ తాగుతూ ఆయన, "బీపీ గోళీలు బందు చేసిన సాబ్, మంచిగనే ఉన్న" అన్నారు. రక్తపోటు మాత్రలు వేసుకుంటున్నందువలననే పోటు తగ్గి ఉంటుంది. తగ్గింది కదా అని మానివేస్తే మళ్ళీ పెరుగుతుంది, పైగా నొప్పి గాని, నలత గాని చూపకుండా పెరుగుతుంది. ఈ మాట నేను నా ఉద్యోగకాలంలో వేలసార్లు చెప్పి ఉంటాను. బీపీ యంత్రం లోపలి గదిలోనే ఉన్నది. ఎదుట ఉన్నది రోగి అయితే చేయి పట్టుకొని కూర్చోబెట్టేవాణ్ణి, గట్టిగా చీవాట్లు పెట్టేవాణ్ణి. ఉన్నది స్నేహితుడు. మాటలు రసవత్తరంగా సాగుతున్నాయి. "మళ్ళీ మొదలుపెట్టండి సారూ" అని తేలికగా అని ఊరుకున్నాను. నా ఎదుటనే తప్పు జరిగింది. నేను ఈల వేయలేదు.

డిసెంబరులో ఒక తెల్లవారుజామున ఆయన లేచి పళ్ళు తోముకుంటుండగా చేతిలోని బ్రష్షు జారిపోయింది. మూతి ఒక పక్కకు లాగింది. భార్య పిలిస్తే మాట రాలేదు. సమయం ఐదున్నర. నా ఇల్లు రెండు వీధుల అవతల. అయినా నాకు కబురు రాలేదు. "వాతానికి ఇంగ్లీషు మందు పనిచేయదు" అని ఎవరో పెద్దమనిషి చెప్పగా, ఆటోలో వేరే ఊరికి తీసుకొని వెళ్ళి పసరు పోయించారు, పావురం రక్తంతో కాలూ చేయీ మర్దన చేయించారు. నాకు ఫోను వచ్చేసరికి పదకొండు గంటలు. కరీంనగర్ చేరి మెదడు స్కానింగు పూర్తయ్యేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. రక్తనాళంలో గడ్డ అడ్డుపడింది. గడ్డను కరిగించే ఇంజక్షను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. ఆ గడువు పసరు పోసిన ఇంటి వాకిట్లోనే తీరిపోయింది.

పాఠకులు దయచేసి ఇది గుర్తుంచుకోవాలి. మెదడుకు రక్తం అందని ప్రతి నిమిషమూ సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయి. మూతి వంకర పోవడం, ఒక చేయి పైకెత్తితే వాలిపోవడం, మాట ముద్దగా రావడం లేదా రాకపోవడం: ఈ మూడింటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా 108కి ఫోను చేయండి. చివరిసారి మనిషి బాగుండగా చూసిన సమయాన్ని జ్ఞాపకం పెట్టుకోండి, వైద్యులు మొదట అడిగేది అదే. స్కానింగు సౌకర్యం ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్ళండి. నోట్లో నీళ్ళు, పసరు, మాత్ర, ఏదీ పోయవద్దు, వేయవద్దు. మింగే శక్తి దెబ్బతిని ఉంటే అవి ఊపిరితిత్తులలోకి పోతాయి. అడ్డుపడింది గడ్డో, చిట్లింది నాళమో స్కానింగు చెప్పేవరకు ఆస్పిరిన్ కూడా ఇవ్వకూడదు. పెద్ద నాళంలో గడ్డ ఉన్న కొందరికి తీగ పంపి దానిని బయటకు లాగే చికిత్స ఇంకా ఎక్కువ గంటల తరువాత కూడా సాధ్యమే. కాబట్టి ఆలస్యమైందని ఇంట్లోనే ఉంచుకోవడం సరికాదు.

పీఈటీ సారు బ్రతికారు. కుడిచేయి పడిపోయింది. కర్ర సాయంతో నాలుగడుగులు వేస్తారు. వింటారు, అర్థం చేసుకుంటారు, మాట మాత్రం పెగలదు. మొదటి నెలల్లో మనుషులను చూడడానికే సిగ్గుపడ్డారు. ఫిజియోథెరపీకి వచ్చే అబ్బాయి ఒకరోజు వ్యాయామం సరిగా చేయించకుండా తొందరపడితే, సారు ఎడమచేతితో దిండు కింద తడిమి పసుపురంగు మందుల డబ్బా మూత తీసి అతనికి చూపించారట! నాకు ఆ సంగతి చెబుతూ ఆయన భార్య చాలాకాలం తరువాత మొదటిసారి నవ్వారు.

2022 డిసెంబరు 18న ప్రపంచకప్పు ఫైనలు చూడడానికి వారింటికి వెళ్ళాను. ఆట అదే ఖతార్‌లో. రెఫరీ పోలండుకు చెందిన షిమోన్ మార్చినియాక్. గుండె వేగం తప్పే జబ్బు వలన 2021లో యూరో పోటీలకు దూరమై, చికిత్స పొంది తిరిగి వచ్చిన మనిషి. ఆ మాట చెబితే సారు తల ఊపి, తన ఛాతీ మీద చేయి వేసుకొని, తెర వైపు చూపించారు. మొదటి అర్ధభాగంలో అర్జెంటీనా ఆటగాడు డి మరియా ఫ్రాన్స్ గోలు ముందర పడిపోయాడు. నేను ఇంకా ఎవరు పడ్డారా అని చూస్తూనే ఉన్నాను. సారు ఎడమచేయి చాచి పెనాల్టీ చుక్క వైపు చూపిస్తున్నారు. మరుక్షణం తెర మీద మార్చినియాక్ చేయి కూడా అటే చూపింది.

విరామ సమయంలో సంచిలోనుండి బీపీ యంత్రం తీశాను. సారు ముఖం చిట్లించి, వద్దన్నట్లు చేయి ఊపారు. ఆట మళ్ళీ మొదలయ్యేవరకు ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోమని, ఆ ఎడమచేతికే పట్టీ చుట్టాను. 148/90 ఉన్నది. రాత్రి మాత్ర ఇంకా వేసుకోలేదు. ఆయన భార్యను నీళ్ళు తెమ్మన్నాను.