రెండు సూతుల పిన్ను, ఒక డ్రైవరు జీతం

బండి చెడిపోయిందంటే చాలు, ఎవరి జీతంలో కోయాలి అని అడిగే మాట మన గల్ఫు సోదరులకు కొత్త కాదు. దుబాయిలో ఒక తోటపని కంపెనీలో క్లర్కులుగా పనిచేస్తున్న మాకు ఆ మాట రోజూ కాగితాల మీద కనిపిస్తుంది. మేము ముగ్గురం, ఇంటర్ చదివి వచ్చినవాళ్లం. ఒకరు టైం ఆఫీసు, ఒకరు స్టోరు, ఒకరు జీతాల లెక్క చూస్తాం. ఉండేది మాత్రం మీ అందరిలాగే సోనాపూర్ క్యాంపులో, ఒకే రూములో.

మా నర్సరీలో ఒక పాత గార్డెన్ ట్రాక్టరు ఉంది. అమెరికా తయారీ. మన ఊళ్లో పొలం దున్నే ట్రాక్టరులో సగం కూడా ఉండదు. గడ్డి కోయడానికి, వెనక చిన్న ట్రాలీ తగిలించి ఎరువు బస్తాలు, మొక్కల కుండీలు మోయడానికి వాడతారు. గత వేసవిలో జూన్ నెలాఖరున అది నడి తోటలో ఆగిపోయింది. ఇంజను తిరుగుతోంది, చక్రాలు మాత్రం కదలడం లేదు.

దాన్ని నడిపే తమ్ముడిది జగిత్యాల దగ్గర పల్లె. వచ్చి ఆరు నెలలే అయింది, ఏజెంటుకు కట్టిన అప్పు ఇంకా తీరలేదు. ఫోర్మన్ మా ఆఫీసుకు వచ్చి డ్యామేజ్ ఫారం ముందు పెట్టి, "డ్రైవర్ కా గల్తీ లిఖో" అన్నాడు. కొత్త సామాను అమెరికా నుంచి రావాలంటే నెల పైనే పడుతుందట. ఆ ఖర్చంతా తమ్ముడి లెక్కలో రాయాలని అతని మాట.

ఇక్కడ ఎండాకాలంలో మధ్యాహ్నం బయటి పని ఆపాలనే నియమం 2005 నుంచి ఉంది. ఇప్పుడు జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు, పన్నెండున్నర నుంచి మూడు గంటల దాకా పని ఆపాలి. అంటే బరువు పనంతా పొద్దున్నే అయిపోవాలి. ట్రాక్టరు లేక మనవాళ్లు ఆ బస్తాలను చేతి బండ్ల మీద ఇసుకలో లాగారు. సాయంత్రం క్యాంపుకు వచ్చేసరికి ఒక్కొక్కరి అరచేతులు బొబ్బలెక్కాయి.

ఫారంలో 'కారణం' అనే గడి ఒకటి ఉంటుంది. బండి విప్పి చూడకుండా ఆ గడి నింపలేమని మేనేజరుకు చెప్పాం. ఆయన సరే అన్నాడు. మా క్యాంపులో ఆర్మూరు మామ ఉన్నాడు. ఇంటి దగ్గర చాలా ఏండ్లు ట్రాక్టర్ల షెడ్డులో చేసిన మనిషి. సెలవు రోజున ఆయనను తీసుకుపోయాం. ఇంగ్లీషు మాన్యువల్ చదివి చెప్పడం, టార్చి పట్టుకోవడం మా వంతు.

మామ మొదట తాళంచెవి తీయించాడు, ప్లగ్గు వైరు ఊడదీశాడు, చక్రాల కింద ఇటుకలు పెట్టించాడు. ఈ బండిలో ఇంజను ముందుంటుంది. అక్కడి నుంచి వెనక ఉన్న హైడ్రాలిక్ పంపు దాకా కింద ఒక షాఫ్టు పోతుంది. షాఫ్టును పంపుకు కలిపే ముక్క పేరే కప్లర్. దానికీ షాఫ్టుకూ అడ్డంగా ఒక పిన్ను ఉంటుంది. ఆ పిన్ను తెగి సగమే మిగిలింది. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డులా సాగింది. చుట్టూ ఎర్రటి తుప్పు పొడి.

"ఇది ఒక్కనాడు అయింది గాదు బిడ్డా. నెలల సంది కొట్టుకుంటున్నది" అన్నాడు మామ.

తర్వాత ఇంజను కింద చూపించాడు. అది నాలుగు రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. వాటిలో రెండు పూర్తిగా అణిగిపోయాయి. "ఇంజను కుంగితే షాఫ్టు వంకర నడుస్తది. వంకర నడిస్తే పిన్ను తెగుతది. పిలగాడు ఏం జేస్తడు?"

దగ్గరి దుకాణంలో 6 మిల్లీమీటర్ల పిన్ను ఇచ్చారు. మామ వద్దన్నాడు. బండి అంగుళాల లెక్కది, రెండు సూతుల పిన్ను కావాలన్నాడు. రెండు సూతులంటే పావు అంగుళం, 6.35 మిల్లీమీటర్లు. ఆ చిన్న తేడాకే పిన్ను వదులై మళ్లీ రంధ్రాన్ని తినేస్తుంది. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పాత మిషన్ల దుకాణాలు తిరిగి తిరిగి ఒక సెకండ్ హ్యాండ్ కప్లర్, సరైన పిన్నులు, రబ్బరు దిమ్మలు సంపాదించాం.

బిగించేటప్పుడు ముందు దిమ్మలు మార్చి ఇంజనును సమంగా నిలబెట్టాడు. షాఫ్టును ఎమరీ కాగితంతో రుద్ది నూనె రాశాడు. కప్లర్‌ను సుత్తితో కొట్టనివ్వలేదు. ఆ దెబ్బ పంపు షాఫ్టుకు తగిలితే లోపలి బేరింగు, సీలు పోతాయట. రంధ్రాలు ఎదురెదురుగా వచ్చాక, కింద బరువైన ఇనుప ముక్క ఆనించి పిన్ను దింపాడు. షాఫ్టును చేత్తో నాలుగు చుట్లు తిప్పి, ఎక్కడా పట్టకుండా తిరిగాకే ఇంజను స్టార్టు చేయించాడు. బండి కదిలింది. తమ్ముడు మామ కాళ్లకు దండం పెట్టబోతే, "పో పోయి చాయ్ తే" అని కసిరాడు.

మర్నాడు ఫారంలో ఉన్నదున్నట్టు రాశాం: రబ్బరు దిమ్మలు అరిగి షాఫ్టు వంకరపోయింది, పిన్ను తెగింది. తెగిన పిన్ను, సాగిన కప్లర్, అణిగిన దిమ్మలు అట్టపెట్టెలో పెట్టి మేనేజరు బల్ల మీద ఉంచాం. ఆయన వాటిని చేత్తో తిప్పి చూసి సంతకం చేశాడు. తమ్ముడి జీతం పూర్తిగా పడింది. ఫోర్మన్ మాత్రం వారం రోజులు మాతో మాట్లాడలేదు.

ఇంకొక సంగతి తర్వాత తెలిసింది. బండి కింద టకటక శబ్దం వస్తోందని తమ్ముడు ఫోర్మన్‌కు రెండుసార్లు చెప్పాడట. నోటితో చెప్పిన మాటకు సాక్ష్యం లేదు. అందుకే ఇప్పుడు స్టోరులో ఒక పుస్తకం పెట్టాం. బండిలో ఏ తేడా వచ్చినా తేదీ వేసి, తెలుగులోనైనా సరే రాయిస్తున్నాం.

సోదరులారా, మీ చేతిలో ఏ మిషను ఉన్నా, అది శబ్దం మార్చిన రోజే కాగితం మీద రాయించండి. దాని ఫోటో మీ ఫోన్‌లో ఉంచుకోండి. విరిగిన ముక్కను చెత్తలో పారేయనివ్వకండి. రాయడం రాకపోతే మీ క్యాంపులో మాలాంటి క్లర్కులు ఎవరో ఒకరు ఉంటారు, వాళ్ల తలుపు తట్టండి.