మిద్దె మీద విన్న తంతి

తంతి గదిలో పనిచేసినవారి చెవి సామాన్యుల చెవి కాదని మా నాన్నగారిని చూసి తెలుసుకున్నాను. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుండి ఖరగ్‌పూర్ చేరిన కుటుంబాలలో మాదొకటి. తాతగారిది వర్క్‌షాపు, నాన్నగారిది రైల్వే తంతి విభాగం. సౌండరు టకటకలలో మోర్సు సంకేతాలు వింటూ, పక్కవారితో మాట్లాడుతూనే వార్తను కాగితం మీద పెట్టేవారు. క్రమంగా ఆ విద్య అక్కరలేనిదైంది. 2013 జూలై 14న దేశంలో చివరి టెలిగ్రాములు తీసుకున్ననాడు ఆయన రేడియో కట్టేసి పెరట్లోకి వెళ్లిపోయారు. నేను చరిత్ర చదివి, ప్రభుత్వోద్యోగంలో చేరి, దస్తావేజుల మధ్య బ్రతికినవాణ్ణి. తంతి కాగితాలు ఎన్నో చూశాను. వాటిని విని రాసిన చెవి జాడ ఏ కట్టలోనూ కనబడలేదు.

2016 శీతాకాలంలో హామ్ రేడియో లైసెన్సు గల మా మేనల్లుడు మిద్దె మీద చేతి యాంటెనా పట్టుకుని నిలబడ్డాడు. వాడు వెతుకుతున్నది ఆస్కార్-7 అనే ఉపగ్రహం. ఔత్సాహికులు నిర్మించిన ఈ చిన్న ఉపగ్రహాన్ని 1974 నవంబరు 15న ప్రయోగించారు. బ్యాటరీలు చెడి 1981లో మూగబోయింది. అందరూ మరచిపోయాక, 2002 జూన్‌లో మళ్లీ పలికింది. చెడిన బ్యాటరీ వలయం నుండి తెగిపోవడంతో సౌరఫలకాల విద్యుత్తు నేరుగా యంత్రానికి అందసాగిందట. అందుకే ఎండ ఉన్నంతసేపే దానికి ప్రాణం; భూమి నీడలోకి వెళితే ఆగిపోతుంది.

తన స్థితిగతులను అది మోర్సులోనే చెప్పుకుంటుంది. మొదట పలకరింపుగా ‘హెచ్ ఐ’, ఆ వెనుక మూడేసి అంకెల సంఖ్యలు ఇరవైనాలుగు. మొదటి అంకె వరుసను చెబుతుంది; మిగిలిన రెండే అసలు కొలత. మూడో వరుస మొదటి సంఖ్యలోని కొలతను పదితో భాగించి 6.4 కలిపితే విద్యుత్తు ఎన్ని వోల్టులో తెలుస్తుంది.

శబ్దం వినిపించగానే నాన్నగారు మొహం చిట్లించారు. ఆయనెరిగినవి టకటకలు, ఇది సన్నని ఈల. పైగా ప్లాట్‌ఫారం దాటిపోయే ఇంజను కూతలా దాని స్థాయి దిగిపోతూ ఉంది. కాసేపటికి ఆయన వేలు స్టీలు డబ్బా మూత మీద ఆడసాగింది. కంప్యూటరు 385 అని చూపింది.

‘‘ఎనిమిది కాదురా, ఏడు. రెండు గీతలు, మూడు చుక్కలు’’ అన్నారు.

‘‘హోరులో అలా వినిపించి ఉంటుంది, తాతయ్యా’’ అన్నాడు వాడు.

నేనూ యంత్రం పక్షమే వహించాను. ఇప్పటికీ అందుకు సిగ్గుపడతాను. మరుసటి ఆవృత్తిలో హోరు తగ్గి, 375 అని స్పష్టంగా వచ్చింది. అంటే 13.9 వోల్టులు. మేనల్లుడు మాట్లాడకుండా కంప్యూటరు మూసి, పెన్సిలు ఆయన చేతికిచ్చాడు. ఉపగ్రహం దిగంతానికి జారేలోగా నాన్నగారు పదకొండు సంఖ్యలు రాశారు. పదిహేనేళ్ల తర్వాత రాస్తున్న చేయి అది. గీతలు వణికాయి, అంకెలు తప్పలేదు.

‘‘మళ్లీ ఎన్నింటికి?’’ అని అడిగారు, బండి వేళ అడిగినట్టే.

దాదాపు రెండు గంటలకని వాడు చెప్పాడు. ఆయన గడియారం చూసి, కాగితం మూలన వార్త అందిన వేళ వేసి, పొట్టి సంతకం చేశారు.