అసలుకు వెళ్లింది 385 రూపాయలే!

ప్రతి నెలా అయిదో తారీఖు పొద్దున్నే మా ఇంట్లో అలారం కన్నా ముందు మోగేది మా ఆయన ఫోను. 'మీ ఖాతా నుంచి 23,259 రూపాయలు...' అంటూ బ్యాంకు పంపే సందేశం అది. 2021 ఏప్రిల్లో మొదటిసారి వచ్చినప్పుడు ఇద్దరం దాన్ని చూసి మురిసిపోయాం. ఇన్నేళ్లూ ఎవరికో అద్దె కట్టాం, ఇక నుంచి మన ఇంటికి మనమే కట్టుకుంటున్నాం అన్న మురిపెం! ఆ తర్వాత అది అలవాటైపోయింది. పాల బిల్లులా, కరెంటు బిల్లులా అదీ ఒకటి.

హైదరాబాద్ శివారు బోడుప్పల్‌లో రెండు పడక గదుల ఫ్లాటు మాది. చేతిలో ఉన్న పొదుపంతా పెట్టి, మిగతా 30 లక్షలు బ్యాంకులో తీసుకున్నాం. ఏడు శాతం వడ్డీ, ఇరవై ఏళ్ల గడువు. వడ్డీ మారుతూ ఉంటుందని సంతకాలు పెట్టించుకునేటప్పుడు చెప్పారు. విన్నాం. అంతకన్నా బాల్కనీ ఏ దిక్కుకు ఉందన్నదే ఆ రోజు మాకు ముఖ్యం.

రెండేళ్లు గడిచాయి. 2023 ఏప్రిల్లో బ్యాంకు నుంచి ఓ లేఖ వచ్చింది. 'వడ్డీ రేటు 9.5 శాతానికి చేరినందున మీ కిస్తీని సవరించాల్సి ఉంది' అని దాని సారాంశం. ఆ రాత్రి పాప పడుకున్నాక ఇద్దరం కూర్చుని మొదటిసారి రుణ ఖాతా వివరాలు పూర్తిగా చూశాం. ఆ నెల కట్టిన 23,259 రూపాయల్లో వడ్డీకి పోయింది 22,874. అసలుకు వెళ్లింది అక్షరాలా 385 రూపాయలు!

పొరపాటేమో అనుకున్నాం. కాదు. లెక్క సరిగ్గానే ఉంది. మిగిలి ఉన్న అప్పు 28 లక్షల 89 వేల చిల్లర. దానికి తొమ్మిదిన్నర శాతం చొప్పున ఏడాది వడ్డీ కట్టి, పన్నెండుతో భాగిస్తే వచ్చేది అదే. పాతిక కిస్తీల్లో 5 లక్షల 81 వేలు కట్టాం. అప్పు తగ్గింది లక్షా 11 వేలు. అదే కిస్తీ కడుతూ పోతే అప్పు తీరడానికి ఇంకా 43 ఏళ్లు పడుతుందని తేలింది. అప్పుడు నాకు 33. అంటే, నా 76వ ఏట ఇల్లు మాదవుతుందన్నమాట. బ్యాంకులు అంత గడువు ఎలాగూ ఇవ్వవు. అందుకే కిస్తీ పెంచమంటూ లేఖ.

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అని పెద్దలు ఊరికే అనలేదు. కానీ ఇందులో బ్యాంకు చేసిన మోసమేమీ లేదు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రిజర్వు బ్యాంకు రెపో రేటును 4 శాతం నుంచి 6.5 శాతానికి పెంచింది. 2019 అక్టోబరు తర్వాత బ్యాంకులు ఇచ్చిన మారే వడ్డీ గృహరుణాలు ఇలాంటి బయటి రేట్లతోనే ముడిపడి ఉంటాయి. అది పెరిగితే ఇదీ పెరుగుతుంది. కిస్తీ మారకపోయేసరికి మాకు తెలియలేదు. లోపల గడువు మాత్రం సాగుతూ పోయింది. ఇలాంటివి చాలామందికి జరిగాకే, వడ్డీ మారినప్పుడు కిస్తీ పెంచాలా, గడువు పెంచాలా అన్నది ఖాతాదారునే అడగాలని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశాలిచ్చింది.

నాన్న పద్దుల పుస్తకం

ఆ రాత్రి నాకు నాన్న గుర్తొచ్చాడు. మిర్యాలగూడలో ఓ రైసు మిల్లులో గుమస్తాగా చేసేవాడు. రోజంతా మిల్లు లెక్కలు రాసి, ఇంటికొచ్చి అన్నం తిన్నాక ఇంటి లెక్క రాసేవాడు. ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు. అగ్గిపెట్టె కొన్నా అందులో ఉండాల్సిందే. 1994లో రెండు గదుల ఇల్లు వేసుకోవడానికి 40 వేలు అప్పు చేశాడు. నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకు 800. జీతంలో దాదాపు సగం వడ్డీకే పోయేది. సంక్రాంతికి మిల్లు యజమాని ఇచ్చే బోనస్ మా చేతుల్లో పడేది కాదు, నేరుగా అసలుకు జమయ్యేది. ఆరేళ్లకు అప్పు తీరింది. ప్రామిసరీ నోటు వెనక్కి తెచ్చుకున్న రోజు అమ్మ పాయసం చేసింది. అప్పుడు నాకు పదేళ్లు. ఆ పాయసం పండగ ఏమిటో నాకు అర్థం కాలేదు.

మర్నాడు కిరాణా కొట్లో పొడుగు నోటు పుస్తకం ఒకటి కొన్నాను. మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందేసుకుని జమ, ఖర్చు రాయడం మొదలుపెట్టాను. పెద్ద ఖర్చులు మాకు తెలిసినవే. స్కూలు ఫీజు, వ్యాను, సరుకులు, పెట్రోలు. తెలియనివి చిన్నవి. ఫోనుతో స్కాన్ చేసి కట్టిన 20లు, 60లు, 140లు. టీ, జ్యూసు, ఆటో, పాపకు ఏదో బొమ్మ. నెలకు అవే 7 వేలు దాటాయి. వంట చేసే ఓపిక లేని రాత్రుల్లో తెప్పించుకున్న బిర్యానీలు, నూడుల్స్ ఇంకో 5 వేలు. జేబులోంచి నోటు తీసి ఇచ్చేటప్పుడు ఉండే వెనకాముందు ఆలోచన, ఫోను చూపించేటప్పుడు ఉండదు కదా!

పూర్తిగా మానేయలేదు. మానేస్తే పది రోజులకే విసుగొస్తుందని తెలుసు. బయటి తిండి నెలకు రెండుసార్లు అనుకున్నాం. చిల్లర ఖర్చుకు ఒకటో తారీఖునే ఇద్దరికీ చెరి 1,500 నగదు. అయిపోతే అయిపోయినట్టే. ఆ మిగులుతోనే కిస్తీని 28 వేలకు పెంచుకున్నాం. దాంతో గడువు మళ్లీ 18 ఏళ్లకు దిగింది.

అక్కడితో ఆగితే ఈ కథ బాగానే ఉండేది.

లక్షకు 18 నెలలు

మా ఆయనకు లెక్కలంటే సరదా. కంప్యూటర్లో పట్టిక వేసుకుని కూర్చున్నారు. 28 వేల కిస్తీ కడుతూనే ఇప్పుడు ఓ లక్ష అదనంగా అసలుకు కడితే, చివర్లో 18 కిస్తీలు తగ్గుతాయి. అంటే 5 లక్షలు కట్టే పని తప్పుతుంది. నెలనెలా మరో 5 వేలు కట్టగలిగితే అయిదున్నరేళ్ల ముందే అప్పు తీరుతుంది. "చూశావా! ఇంతకన్నా మంచి పొదుపు ఇంకెక్కడైనా ఉందా?" అన్నారు. మారే వడ్డీ గృహరుణాన్ని ముందే తీర్చేవారి దగ్గర బ్యాంకులు అదనపు రుసుము వసూలు చేయకూడదని 2012లోనే రిజర్వు బ్యాంకు చెప్పింది. ఇక అడ్డేముంది?

'పన్ను మినహాయింపు పోతుంది కదా' అన్నారు ఆఫీసులో ఒకరు. పాత పన్ను విధానంలో సొంతంగా ఉండే ఇంటి వడ్డీపై ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు ఉంది. కొత్త విధానంలో అది లేదు. మేం కొత్తదానికి మారిపోయాం. పాతదాంట్లో ఉన్నా, 20 రూపాయలో 30 రూపాయలో పన్ను తగ్గడం కోసం వంద రూపాయల వడ్డీ కట్టడం లాభమెలా అవుతుంది? 'ఆ డబ్బు మ్యూచువల్ ఫండ్లలో పెట్టొచ్చుగా' అన్నారు ఇంకొకరు. పెట్టొచ్చు. ఎక్కువే రావచ్చు, రాకపోనూవచ్చు. అప్పు తీరిస్తే తొమ్మిదిన్నర శాతం మిగలడం మాత్రం ఖాయం.

అక్టోబరులో చీటీ పాడి తెచ్చిన 2 లక్షలు కట్టేశాం. జనవరిలో లక్షన్నర ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేసి కట్టాం. ఏప్రిల్లో ఆయన బోనస్ లక్ష. మొదటిసారి కట్టినప్పుడు బ్యాంకు వాళ్లు గడువు తగ్గించకుండా కిస్తీ తగ్గించారు. అలా తగ్గితే మనకు మిగిలేది తక్కువ. మళ్లీ వెళ్లి 'కిస్తీ ఇంతే ఉండాలి, గడువు తగ్గించాలి' అని కాగితం మీద రాసిచ్చి, ముద్ర వేయించుకుని వచ్చాను. మీరు అదనంగా కట్టేటప్పుడు ఈ ఒక్కమాట మరిచిపోకండి.

ఆర్నెల్లలో నాలుగున్నర లక్షలు! పుస్తకంలో ఆ పేజీ ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నానో. ఖాతాలో మాత్రం నెలాఖరుకు అయిదారు వేలు మించి ఉండేవి కావు. ఉంచితే ఖర్చయిపోతుందని భయం.

జులైలో ఓ రాత్రి

2024 జులైలో రాత్రి పదకొండింటికి అమ్మ ఫోను. నాన్నకు ఛాతీలో నొప్పి. మిర్యాలగూడ నుంచి అంబులెన్సులో హైదరాబాద్ తీసుకొచ్చారు. ఆసుపత్రిలో రెండు స్టెంట్లు వేయాలన్నారు. నాన్నకు ఆరోగ్య బీమా లేదు. 'వచ్చే ఏడాది చూద్దాం, ముందు ఇంటప్పు సంగతి చూద్దాం' అని రెండుసార్లు వాయిదా వేసింది నేనే. వెంటనే లక్షన్నర కట్టాలన్నారు. మొత్తం రెండు లక్షల 80 వేలు అవుతుందన్నారు.

ఆసుపత్రి కౌంటర్ దగ్గర నిలబడి ఫోనులో ఖాతా చూసుకున్నాను. 6,212 రూపాయలు ఉన్నాయి. ఆర్నెల్ల కిందట మా చేతులతో మేమే బ్యాంకుకు నాలుగున్నర లక్షలు ఇచ్చాం. అందులో రూపాయి కూడా వెనక్కి రాదు. ఓవర్‌డ్రాఫ్ట్ పద్ధతి గృహరుణమైతే, అదనంగా వేసిన డబ్బు అవసరానికి తీసుకోవచ్చట. మాది అది కాదు. ఆ రాత్రి స్నేహితులిద్దరు చెరి కొంత పంపారు. పొద్దున్నే నా పెళ్లినాటి నగలు ఎనిమిది తులాలు తాకట్టు పెట్టాను. వడ్డీ 12 శాతం. తొమ్మిదిన్నర శాతం అప్పు తీర్చుకోవడానికి తొందరపడి, 12 శాతం అప్పు నెత్తిన పెట్టుకున్నామన్నమాట.

మా ఆయన మీద కోపం వచ్చింది. "మీ పట్టికలో నాన్న గుండెకు గడి లేదా?" అన్నాను ఆసుపత్రి మెట్ల మీద. ఆయనేమీ అనలేదు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆ పుస్తకంలో అంకెలు రాసి మురిసిపోయింది నేను కూడా కదా.

నాన్న కోలుకున్నాడు. నగల సంగతి చెప్పకూడదనుకున్నాం కానీ, బోసిగా ఉన్న నా మెడ ఆయనకు చెప్పేసింది. అంతా విన్నాడు. నూటికి ఎనభై పైసల వడ్డీ అప్పు కోసం ఇంత హడావుడి ఎందుకు పడ్డామో ఆయనకు అర్థం కాలేదు. "నేను నూటికి రెండు రూపాయలు కట్టిన్నాడు కూడా, బియ్యం డబ్బాల మీ అమ్మ దగ్గర మూడు నెలల ఖర్చు ఉండేది బిడ్డా. అది ముట్టకుండ మిగిలిందే అప్పుకు కట్టిన. అప్పు ఆగుతది, ఆపద ఆగదు" అన్నాడు. ఇన్నేళ్లూ నేను ఆ పద్దుల పుస్తకం చూశాను కానీ, బియ్యం డబ్బా చూడలేదు.

తర్వాతి తొమ్మిది నెలలు అదనంగా ఒక్క రూపాయి కూడా ఇంటప్పుకు కట్టలేదు. ముందు స్నేహితుల బాకీ, తర్వాత నగలు. 2025 మార్చిలో గొలుసు మెడలో వేసుకున్నాను. ఆ తర్వాత అమ్మానాన్నల పేరు మీద బీమా తీసుకున్నాం. నాన్నకున్న గుండె జబ్బు కారణంగా ప్రీమియం ఎక్కువే పడింది. దానికి వర్తించడానికి కొంతకాలం ఆగాలన్నారు కూడా. ముందే తీసుకుని ఉంటే... అన్నది ఇక అనవసరం. ఇప్పుడు వచ్చే మిగులంతా ఆరు నెలల ఇంటి ఖర్చుకు, కిస్తీలకు సరిపడా పోగయ్యేదాకా విడిగా ఓ డిపాజిట్‌లోకి వెళుతోంది. ఇంట్లో దాని పేరు బియ్యం డబ్బా. అది నిండాకే అప్పుకు అదనంగా కట్టాలన్నది మా ఇద్దరి ఒప్పందం.

ఈలోగా 2025లో రెపో రేటు 6.5 నుంచి 5.25 శాతానికి తగ్గింది. మా వడ్డీ కూడా 8.25కి దిగింది. కిస్తీ తగ్గించుకునే వీలున్నా 28 వేలే కడుతున్నాం. 2025 చివరికి మిగిలిన అప్పు 21 లక్షల 50 వేల దగ్గర ఉంది. వడ్డీ ఇలాగే ఉంటే, 2041లో తీరాల్సిన అప్పు 2035 మొదట్లోనే తీరిపోతుంది. చేసిన పొరపాటు పొరపాటే కానీ, కట్టిన ఆ నాలుగున్నర లక్షలూ తమ పని తాము చేస్తున్నాయి.

అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లోపు బ్యాంకు ఇంటి పత్రాలు తిరిగి ఇవ్వాలి, తన వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేలు పరిహారం కట్టాలి అన్న నిబంధన 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. మొన్న ఊరెళ్లినప్పుడు ఈ సంగతి చెబితే, నాన్న వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

"అప్పటికి నాకు డెబ్బై తొమ్మిది. మందులు సరిగ్గ ఏసుకుంటలే. ఆ కాయితాలు నాకు సూపియ్యాలె" అన్నాడు.

అమ్మ లోపలి నుంచి "పాయసం నేను చేస్త" అంది.