పగడాన్ని ఎక్కడ పెట్టాలి?

పగడం అనగానే మనకు గుర్తొచ్చేది నల్లపూసల మధ్య గుచ్చుకునే ఎర్రపూస. కుజదోషం ఉందన్నారంటే వేలికి పగడపు ఉంగరం. ఆ ఎర్ర పగడం మధ్యధరా సముద్రంలో వెలుతురు అంతగా చేరని చోట పెరుగుతుంది. దానికి ఎండతో పనిలేదు. నేను చెప్పబోయేది దాని గురించి కాదు. ఇంట్లో అద్దాల తొట్టెలో, ఉప్పునీళ్ళలో పెంచే ప్రాణమున్న పగడాల గురించి.

మాది తెనాలి. మావారి ఉద్యోగం వల్ల 15 ఏళ్ళుగా అమెరికాలో, హ్యూస్టన్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి హైస్కూల్లో ఉండగా 150 లీటర్ల తొట్టె కొని పగడాలు పెంచడం మొదలుపెట్టాడు. వాడు కాలేజీకని ఆస్టిన్ వెళ్ళాక తొట్టె నా చేతికొచ్చింది. "ఇంటర్‌తో ఆపేసినదానివి, నీకెందుకీ సైన్సు? ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నారు మావారు. వాడు సెలవులకి వస్తే చెప్పులు విప్పగానే వెళ్ళేది ఆ తొట్టె దగ్గరికే. ఎలా ఇచ్చేస్తాం? నేను చూసుకుంటానన్నాను.

పగడం మొక్క కాదండీ, జంతువు. దాని ఒంట్లో కంటికి కనపడనంత సన్నటి నాచు కాపురముంటుంది. వెలుతురుతో అది వండిపెడితే పగడం తింటుంది. వెలుతురు చాలకపోతే చాలా పగడాలు గోధుమరంగుకు తిరుగుతాయి. మరీ ఎక్కువైతే నాచు వెళ్ళిపోయి తెల్లగా పాలిపోతాయి. ఇక నీళ్ళ కదలిక. తిండీ ప్రాణవాయువూ తెచ్చేదీ, ఒంటిమీది మురికి కడిగేదీ అదే. చాలా పగడాలు ఉన్నచోటునుంచి కదల్లేవు. మనం పెట్టిన చోటే వాటికి గతి.

అందుకే కొమ్మల్లా ఉండే ఆక్రోపోరాని రాళ్ళమీద పైన, దీపానికి దగ్గరగా పెడతారు. దానికి నీళ్ళు జోరుగా, అటూ ఇటూ మారుతూ తగలాలి. కొసలు సుత్తిలా ఉండే హామర్ కోరల్‌కి మధ్యలో, ఓ మోస్తరు వెలుతురు చాలు. పుట్టగొడుగు పగడాలు అడుగున నీడలో హాయిగా ఉంటాయి. హామర్‌ చుట్టూ అరడుగైనా ఖాళీ వదలాలి. రాత్రిపూట పొడవాటి తీగలు చాపి పక్కవాటిని కుడుతుంది. కొత్తగా తెచ్చినదాన్ని ముందు కిందనే ఉంచి, రెండు మూడు వారాల్లో మెల్లగా పైకి జరపాలి.

పోయిన వేసవి సెలవుల్లో అబ్బాయి పెద్ద పంపు బిగించి వెళ్ళాడు. వారం తిరక్కుండానే హామర్ విచ్చుకోవడం మానేసింది. వాడికి అన్నిటికంటే ఇష్టమైనది అదే. ఫోనులో "చచ్చిపోతుందామ్మా?" అని వాడి గొంతు బొంగురుపోయింది. రెండు రోజులు వంట మధ్యలో వచ్చి వచ్చి దాన్నే చూశాను. పైరగాలికి వరిచేను ఊగినట్టు ఊగాల్సిన తీగలు ఒకేవైపు వాలిపోయి ఉన్నాయి. చిటికెడు మేత వేస్తే బాణంలా తిన్నగా వెళ్ళి దానికే తగిలింది. అలాగే వదిలేస్తే లోపలి గట్టి అంచుకి ఒరుసుకుని కండ చిరుగుతుంది. "కిందికి దించెయ్యమ్మా" అన్నాడు. "దాన్ని కదపొద్దురా, వెలుతురు సరిగ్గానే ఉంది. పంపునే అద్దం వైపు తిప్పుతాను" అన్నాను. నీళ్ళు అద్దానికి కొట్టుకుని చెదిరి, మెత్తగా రాసాగాయి. నాలుగోరోజు పొద్దున కాఫీ కలుపుతుంటే మావారే పిలిచారు, "ఇదిగో, నీ సుత్తి విచ్చుకుంది" అని.

ఫోను చేస్తే "బావున్నా, తిన్నా" అని రెండు ముక్కలతో పెట్టేసే పిల్లాడు ఇప్పుడు అరగంట మాట్లాడుతున్నాడు. కొత్త పగడం కొనేముందు "ఎక్కడ పెడదామమ్మా?" అని అడుగుతున్నాడు.

ఇంకో సంగతి. తొట్టెలో నీళ్ళు తగ్గితే మంచినీళ్ళే పోయాలి, ఉప్పునీళ్ళు కాదు. పులుసు ఇగిరితే ఉప్పు ఎక్కువవుతుంది చూడండి, ఇదీ అంతే. గుండీల్లా ఉండే జోయాంథిడ్ పగడాల్లో కొన్నిటికి గట్టి విషం ఉంటుంది, గ్లవుజులు లేకుండా ముట్టుకోకూడదు.

మన దేశంలో మాత్రం ఈ సరదా పెట్టుకోకండి. సముద్రంలో దిబ్బలు కట్టే పగడాలకి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001 నుంచి పూర్తి రక్షణ ఉంది. మంచినీళ్ళ తొట్టె చాలు, సూత్రం అదే. అనూబియాస్ మొక్కని రాయికి కట్టి నీడలో ఉంచండి. వాలిస్నేరియాని వెలుతురులో నాటండి. బెట్టా చేప ఉంటే నీళ్ళ జోరు తగ్గించండి. కిటికీ ఎండ తిన్నగా పడితే తొట్టె పాచిపడుతుంది. పెట్టిన మర్నాడే మొక్క వాడిందని పీకి మరోచోట నాటకండి. ఓ రెండు వారాలు రోజూ కాసేపు కూర్చుని చూడండి.