శస్త్రచికిత్సకు ముందు ఒక రోజు

రక్తపోటు, మధుమేహం, మోకాళ్ల నొప్పుల గురించి చదవడానికి వచ్చే పాఠకులు ఈసారి కొంత ఆశ్చర్యపోవచ్చు. ఈ వ్యాసం స్వీడన్ దేశపు సంగీత బృందమొకటి వెలువరించిన ఆల్బమ్ గురించి. బృందం పేరు 'అట్ ద గేట్స్'. ఆల్బమ్ పేరు 'ద ఘోస్ట్ ఆఫ్ ఎ ఫ్యూచర్ డెడ్', 2026లో విడుదలైంది. నాకు దీనిని వినిపించినవాడు బెంగుళూరులో ఉద్యోగం చేసే మా మనుమడు. ఘంటసాల పద్యాలకు అలవాటుపడిన నా చెవికి మొదటి పాట పూర్తిగా వినడమే కష్టమైంది. ఆదోనిలో జిన్నింగు మిల్లుల చప్పుడు మధ్య వైద్యం చేసినవాడిని కనుక కొంత ఓర్చుకోగలిగాను.

ఈ సంగీతాన్ని మెలోడిక్ డెత్ మెటల్ అంటారు. 1990ల ఆరంభంలో గోథెన్‌బర్గ్ అనే రేవుపట్టణంలోని యువకులు దీనికి రూపం ఇచ్చారు. అతివేగమైన డ్రమ్ములు, గర్జించే గొంతు, వాటి నడుమ జంటగా సాగే రెండు గిటార్ల రాగచ్ఛాయ. 1995లో ఈ బృందం వెలువరించిన 'స్లాటర్ ఆఫ్ ద సోల్' తరువాతి వారెందరికో ఒరవడి అయింది. మన హైదరాబాద్‌లోనూ 'గాడ్‌లెస్' వంటి డెత్ మెటల్ బృందాలు ఉన్నాయని మావాడు చెప్పేదాకా నాకు తెలియదు.

వాడే మరొక సంగతి చెప్పాడు. అది విన్న తరువాత ఆల్బమ్‌ను మళ్లీ మొదటినుంచి పెట్టమన్నాను.

గాయకుడు టోమస్ లిండ్‌బర్గ్‌కు 2023 చివరలో నోటిలో, అంగిలి భాగంలో, క్యాన్సర్ ఉన్నట్లు తేలింది. అంగిలిలో చాలాభాగం తీసివేయవలసిన శస్త్రచికిత్స నిర్ణయమైంది. దానికి ముందు ఆయన స్టూడియోకు వెళ్లి, ఒకే రోజులో, ఈ ఆల్బమ్‌కు తన గొంతును ఇచ్చాడు. తరువాత శస్త్రచికిత్స, రేడియేషన్ జరిగాయి. 2025లో వ్యాధి ఇంకా మిగిలి ఉందని, దానిని కత్తితోగాని కిరణాలతోగాని తొలగించే వీలు లేదని తేలింది. ఆ సెప్టెంబరు 16న, 52 ఏళ్ల వయస్సులో కన్నుమూశాడు. ఆల్బమ్ ఆ తరువాత వచ్చింది.

ఆయనకు వచ్చినది అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా. తల, మెడ భాగాలలో వచ్చే క్యాన్సర్లలో ఇది నూటికి ఒకటి వంతు మాత్రమే. లాలాజలాన్ని స్రవించే గ్రంథులు మన అంగిలిలోను, పెదవులలోను వందల సంఖ్యలో చిన్నచిన్నవిగా ఉంటాయి. ఇది తరచు వాటిలో పుడుతుంది. పొగాకుతో దీనికి సంబంధం రుజువు కాలేదు. నెమ్మదిగా పెరుగుతుంది, కాని నరాల వెంట పాకే గుణం దీనిది. అందువల్ల శస్త్రవైద్యుడు కంటికి కనిపించినంత మేర తీసివేసినా, కనబడని కొస ఎక్కడో మిగిలిపోవచ్చు. పదేళ్ల తరువాత ఊపిరితిత్తులలో తేలిన రోగులు కూడా ఉన్నారు.

ఆ అరుపుల వల్లనే క్యాన్సర్ వచ్చిందా అని కొందరు తల్లిదండ్రులు అడగవచ్చు. లేదు. అటువంటి గర్జనలో అసలు స్వరతంత్రులతో పాటు వాటికి పైనుండే మడతలు కూడా అదురుతాయి. కంఠదర్శినితో చూసినప్పుడు ఇది తెలుస్తుంది. శిక్షణ లేకుండా చేస్తే గొంతు బొంగురుపోతుంది, స్వరతంత్రులపై కాయలు కాస్తాయి. పత్తి మార్కెట్ యార్డులో రోజంతా కేకలు వేసేవారికీ, బడిపంతుళ్లకూ వచ్చేవి అవే కాయలు. అవి క్యాన్సర్ కావు.

అంగిలి పోవడమంటే ఏమిటో మన వర్ణమాలే చెబుతుంది. తాలువు అంటే అంగిలి. చ, జలు తాలవ్యాలు. ట, డ, ణలు నాలుక పైకి లేచి అంగిలిని తాకితే పుట్టే మూర్ధన్యాలు. అంగిలికి రంధ్రం పడితే నోటిలో నిలవవలసిన గాలి ముక్కులోకి జారిపోతుంది. 'బాబూ' అన్నది 'మామూ' అని వినబడుతుంది. తాగిన నీరు ముక్కునుండి వస్తుంది. ఆ గాయకుడు తాను పోగొట్టుకోబోయేది ఏమిటో ఎరిగి మైకు ముందు నిలిచాడు. మాటలు నాకు అర్థం కాకపోయినా, రెండోసారి వింటున్నప్పుడు నాలుక అంగిలిని తాకే ప్రతి చోటా నా చెవి ఆగింది. వైద్యుడి చెవికి ఇదొక దురలవాటు.

మా పడమటి కర్నూలులో నోటి క్యాన్సర్ కథ వేరు. ఉత్తరాంధ్రలో నిప్పు నోటిలోపల పెట్టుకుని చుట్ట తాగే అడ్డపొగ వల్ల స్త్రీలకు అంగిలి క్యాన్సర్ వచ్చేది. మా దగ్గర గుట్కా, ఖైనీ దవడలో ఎక్కడ దాచుకుంటే అక్కడ, బుగ్గకూ చిగురుకూ వస్తుంది. కోసిగి, నందవరం వైపునుంచి వచ్చేవారిలో చాలామంది "సుగ్గికి పోయొచ్చినాక చూపించుకుందామనుకొంటిమి సార్" అనేవారు. గుంటూరు మిరప చేలల్లో మూడు నెలలు గడిపి వచ్చేసరికి పుండు దవడ ఎముకను పట్టుకునేది. నొప్పి లేదు కదా అన్న ధీమాయే వారిని ముంచేది. మూడు వారాలకు మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ, అంగిలిపై గట్టి ఉబ్బు, కారణం లేకుండా పైపెదవి తిమ్మిరి: వీటిలో ఏది ఉన్నా నొప్పి వచ్చేవరకు ఆగకూడదు.

ఎమ్మిగనూరు దగ్గరి పల్లెనుండి వచ్చిన ఒక పద్యనాటక కళాకారుడు మాత్రం వేరే కారణంతో గడువు అడిగాడు. 'కురుక్షేత్రం'లో కృష్ణుడి వేషం ఆయనది. మగ్గం నేసేటప్పుడు నోట గుట్కా ఉండవలసిందే. పైచిగురు నుండి వ్యాధి అంగిలికి పాకింది. పైదవడలో సగం తీయాలని బెంగుళూరు వైద్యులు చెప్పారు. ఆయన అడిగినది ఎన్నాళ్లు బతుకుతానని కాదు. "నీలకంఠేశ్వరుని జాతరలో ఒక్క రాత్రి పద్యం పాడుకొని పోతా సార్, కుదురుతుందా?"

జాతరకు పన్నెండు రోజులు ఉంది. నేను శస్త్రవైద్యుడికి ఫోను చేశాను. ఆసుపత్రిలో వంతు రావడానికే అంతకంటె ఎక్కువ పడుతుందని తెలిసింది. సరేనన్నాను, గుట్కా ఆనాడే మానాలన్న షరతుతో. మూడు నెలలు అడిగి ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాదు. ఆ రకం క్యాన్సర్ అంతకాలం ఊరుకోదు. పన్నెండు రోజులకూ మూడు నెలలకూ ఉన్న తేడా రోగికి ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాలి. సంతకానికి కాగితం ఇచ్చేటప్పుడు బతికే అవకాశం ఎంతో చెబుతాం. ఏ అక్షరం పోతుందో చెప్పేవారు తక్కువ.

జాతర రాత్రి నేను వెళ్లాను. తెల్లవారుజాము దాకా పాడాడు. గొంతు అక్కడక్కడ పగిలింది, జనం లెక్కచేయలేదు.

శస్త్రచికిత్స తరువాత ఆయనకు అంగిలి స్థానంలో పలక అమర్చారు. కట్టుడు పళ్ల సెట్టు వంటిదే, పైన ఆ ఖాళీని మూసే బుడిపె ఉంటుంది, ఆబ్ట్యురేటర్ అంటారు. గాయం మానుతున్నకొద్దీ వదులవుతుంది, మళ్లీమళ్లీ సరిచేయించుకోవాలి. కృష్ణుడి వేషం మళ్లీ కట్టలేదు. పిల్లలకు పద్యాలు నేర్పేవాడు. పరీక్షకు వచ్చినప్పుడల్లా కుర్చీలో కూర్చోగానే, నేను అడగకముందే, "కృష్ణా" అని పలికి చూపేవాడు. 'ష్ణ' నిండుగా వస్తే పలక సరిగా కూర్చున్నట్లు. రాకపోతే బెంగుళూరుకు చీటీ రాసి ఇచ్చేవాణ్ణి.