జహీరాబాదు జొన్నల మూట

హైదరాబాదు నుంచి బొంబాయి రోడ్డున పటాన్‌చెరువు, సంగారెడ్డి, సదాశివపేట దాటి పోతే జహీరాబాదు వస్తుంది. చెరకుకూ, అల్లానికీ, బంగాళాదుంపలకూ పేరుపొందిన ఊరు. ట్రాక్టర్ల కర్మాగారం కూడా ఉంది. నేను వెళ్లింది మాత్రం వీటిలో దేనికోసమూ కాదు. నాలుగిళ్లకు సరిపడా జొన్నలకోసం. "జొన్నలకోసం అంత దూరం బస్సెక్కడమా!" అని మీరు నవ్వుకోవచ్చు. కారణం లేకపోలేదు.

మా తమ్ముడి కూతురికి పదకొండేళ్లు. రెండేళ్లపాటు కడుపునొప్పి, రక్తహీనత. ఈడుకు తగ్గ ఎత్తు లేదు. చివరకు డాక్టరుగారు పరీక్షలు చేయించి సీలియాక్ జబ్బు అని తేల్చారు. గోధుమలలోనూ బార్లీలోనూ గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. ఈ జబ్బు ఉన్నవారికి అది పడదు, చిన్నప్రేవులను పాడుచేస్తుంది. గ్లూటెన్‌ను జీవితాంతం మానుకోవడమే చికిత్స. ఈ జబ్బు లేనివారు గోధుమలను చూచి భయపడనక్కరలేదు.

మా మరదలు పెద్దబజారుకు వెళ్లి, 'గ్లూటెన్ లేదు' అని రాసిన పిండి, బిస్కట్లు, సేమ్యా తెచ్చింది. పిల్లది చిక్కిపోయి ఉంది, పురుగుమందుల తిండి పెట్టడమెందుకని ఆ పొట్లాలలోనూ 'సేంద్రియం' అన్నవే ఏరింది. నెల తిరిగేసరికి తమ్ముడు లెక్క చూచుకొన్నాడు.

"వదినా, పిల్ల ట్యూషను మాన్పించమంటున్నారు. మీరైనా చెప్పండి" అంటూ మరదలు కళ్లనీళ్లు పెట్టుకొంది.

నేను ఆ పొట్లాలను ఒక్కొక్కటే తిప్పి చదివాను. జొన్నపిండి, రాగిపిండి, కొర్రలు! మన తాతలు తిన్నవే. వరి, జొన్న, రాగి, సజ్జ, కొర్ర, సామ, కంది, పెసర, మినుము, వీటిలో దేనికీ పుట్టుకతో గ్లూటెన్ లేదు. మనం వెల పోస్తున్నది గింజకు కాదు, పొట్లానికి. అరకిలో పొట్లం డబ్బుతో విడిగా రెండు కిలోల జొన్నలు వస్తున్నాయి.

సేంద్రియమన్నది వేరే సంగతి. ఎరువులూ మందులూ వేయక పండించినా గోధుమ గోధుమే. 'సేంద్రియం' అన్న ముద్ర చూచి గ్లూటెన్ లేదనుకొంటే ప్రమాదం. ఈ రెండు గుణాలూ ఒకే గింజలో దొరికే చోటు ఎక్కడ అని విచారిస్తే, జహీరాబాదు పక్కన ఉన్న పస్తాపూరు పేరు చెప్పారు.

1983లో అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఏర్పడింది. చుట్టుపక్కల పల్లెలలో పేద స్త్రీలు, ఎక్కువమంది దళితులు, సంఘాలుగా కూడి, వానమీదనే ఆధారపడి చిరుధాన్యాలు పండిస్తున్నారు. ఒకే చెలకలో జొన్న, కంది, కొర్ర, నువ్వులు, అనుములు కలిపి వేస్తారు. ఒకటి పోయినా మరొకటి చేతికి వస్తుంది. విత్తనాలను బూడిదా వేపాకూ కలిపి బుట్టలలో దాచుకొంటారు. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

ఎర్రనేల గట్టుమీద ఒక అవ్వ కనిపించింది. "మందులు చల్లలేదని నమ్మకమేమిటి అవ్వా?" అని అడిగాను.

ఆమె నవ్వి, సాళ్లమధ్య తనంతట మొలిచిన దొగ్గలికూర చూపింది. "మందు కొడితే గీ కూర ఉంటదా బిడ్డా? గిదే మేం వండుకుంటం, గిదే మీకమ్ముతం."

పొరుగు రైతులే ఒకరి పొలం ఒకరు చూచి హామీ ఇచ్చుకొనే పద్ధతి ఒకటి ఉంది. దానిని పి.జి.యస్. అంటారు. ధ్రువపత్రం ఖర్చు దానివల్ల తగ్గుతుంది. 2017నాటి ప్రభుత్వ నిబంధనలు, నేరుగా మనకు అమ్ముకొనే చిన్న రైతుకు ఆ పత్రం అక్కరలేదని సడలింపు కూడా ఇచ్చాయి. అందుచేత పండించిన చేతినుంచే కొనడం ఇద్దరికీ లాభం.

మా వీధిలో మరి మూడిళ్లవారు మందులు లేని ధాన్యం కావాలన్నారు. నలుగురికీ కలిపి మూటలు కట్టించాను. బస్సు ఛార్జీలూ కూలీ పంచుకొంటే తలకు స్వల్పమే పడింది. పిండి అయితే తొందరగా చేదెక్కుతుంది గాని, బాగా ఎండిన గింజ నెలల తరబడి నిలుస్తుంది. కోతల కాలంలో కొంటే వెల కూడా నయం.

ఇక అసలు చిక్కు పిండిమర దగ్గర వచ్చింది. మరవాడు మంచివాడు, దాచలేదు. "అమ్మా, ఇప్పుడే గోధుమలు పట్టాను. ఎంత దులిపినా రాళ్లలో కొంత ఉండిపోతుంది" అన్నాడు. 'గ్లూటెన్ లేదు' అని ముద్ర వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదని మన ఆహారభద్రతా సంస్థ నియమం. ఆ మరలో పట్టిస్తే మా ప్రయాణమంతా బూడిదలో పోసిన పన్నీరే.

నాలుగిళ్లవారమూ చందా వేసుకొని ఇంటిలో వాడే చిన్న పిండిమర కొన్నాం. అందులో గోధుమ పోయరాదని షరతు. తక్కిన ముగ్గురూ గోధుమలు తినేవారే. అయినా పసిపిల్లకోసం ఒప్పుకొన్నారు.

పొట్లాలు పూర్తిగా మానలేదు సుమా! ఓట్లు కొంటే ముద్ర ఉన్నవే కొంటాం; వాటిలో గోధుమ కలిసే అవకాశం ఎక్కువ. ఇంగువ డబ్బామీద చిన్న అక్షరాలు చదవందే తీసుకోం. చాలా రకాలలో మైదా కలుపుతారు. బొంబాయిరవ్వకు సెలవు; ఇడ్లీకి బియ్యపురవ్వ. ఉదయం పెసరట్టు, రాత్రి జొన్నరొట్టె. పిల్లది మళ్లీ ట్యూషనుకు పోతోంది.

మరమీద అదే తన చేత్తో ఒక అట్ట కట్టింది: "గోధుమలకు ప్రవేశం లేదు. బంధువులైనా సరే."