గోళ్ళరంగు

నాన్నగారి యెజ్దీ ఇప్పుడు నా దగ్గర ఉంది. మైసూరు కర్మాగారంలో 1996 వరకూ తయారైన బండ్లలో అదొకటి. ట్యాంకుది బాగా ముదిరిన దానిమ్మగింజ ఎరుపు. గులకరాళ్ళ దారుల్లో తిరిగిన బండి కనుక మడ్‌గార్డు మీదా, ట్యాంకు అంచునా అక్కడక్కడ రంగు పెచ్చులుగా ఊడింది. ఆవగింజంత కొన్ని, పెసరగింజంత కొన్ని. అంతేగదా అని వదిలేస్తే ఒక్క వానాకాలం చాలు: తుప్పు ఆ సందులో దూరి, మంచి రంగు కిందికి పాకి, దాన్ని అప్పడంలా పొంగిస్తుంది.

మొన్నొక ఆదివారం తీరిక చేసుకుని కూర్చున్నాను. సబ్బునీళ్ళతో కడిగి ఆరనివ్వాలి. తుప్పు ఉన్నచోట సన్నటి గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్దాలి. ముందు ప్రైమరు, అది ఆరాకే రంగు. కుంచె చుట్టూ పూస్తుంది; మొన చెక్కిన అగ్గిపుల్లతో చుక్కగా దించడమే మేలు. ఒక్కసారే నింపకూడదు. పల్చని పొర, ఆరాక మరొకటి. చుక్క వెంట్రుకవాసి ఎత్తుగా నిలిచాక, కొన్నాళ్ళు ఆగి, 2000 నంబరు కాగితాన్ని తడిపి చదును చేయాలి.

అసలు చిక్కు రంగు కుదరడం. ఏళ్ళ తరబడి ఎండ తిన్న ఎరుపు ఏ డబ్బాలోనూ దొరకదు. పక్కపెట్టె మూత విప్పి పట్టుకెళితే, దుకాణం పెద్దాయన కంటితోనే చూసి కలిపి ఇచ్చారు.

ట్యాంకు ఎడమవైపు పాత మరమ్మతు ఒకటి ఉంది. జిడ్డు పోవాలని థిన్నరు అద్దిన గుడ్డతో ఒక్కసారి తుడిచాను. చుట్టూ ఉన్న రంగు చెక్కుచెదరలేదు కానీ, ఆ మచ్చ సగం కరిగి గుడ్డకు అంటింది. లేత ఎరుపు. అమ్మ చూసి నవ్వింది.

"అది నా గోళ్ళరంగురా. నువ్వు సైకిలు పడేసి, నాన్న ఏమంటారోనని ఆ రాత్రి అన్నం కూడా తినలేదు. పొద్దున లేచేసరికి నీకది కనబడకూడదని, నన్ను టార్చిలైటు పట్టుకోమని ఆయనే పూశారు."

అప్పుడు నాది ఏడో తరగతి. తెల్లవారి చూస్తే సొట్ట తప్ప గీత లేదు. నాన్నగారు చూడనేలేదని, తప్పించుకున్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ సంగతి ఆయనకు ఎన్నడూ చెప్పలేదు. ఆయన పోయి మూడేళ్ళు.

1920లలో కార్లకు పూసిన లక్కరుకూ, గోళ్ళరంగుకూ మూలపదార్థం ఒకటేనట: నైట్రోసెల్యులోజు. నాన్నగారికి ఆ సంగతి తెలిసి ఉండదు. ఇంట్లో ఉన్న ఎరుపు అదొక్కటే, అంతే.

మిగిలిన సగం జోలికి నేను పోలేదు. కరిగిన సగంలో మాత్రం ప్రైమరు వేసి, కొత్త రంగు దించాను. దగ్గరకు వచ్చి చూస్తే ఇప్పుడక్కడ రెండు ఎరుపులు. రెండూ ట్యాంకు రంగుతో కలవవు.